మైన్‌క్రాఫ్ట్ వీడియోయే కదా అనుకున్నాను: పిల్లలు చూసే గేమింగ్ వీడియోలను ఎలా అంచనా వేయాలి?

హనుమకొండ అమ్మ (చర్చ ప్రారంభం)

మా బాబుకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి చదువుతున్నాడు. బడి నుంచి వచ్చాక, నేను ఆఫీసు నుంచి ఇల్లు చేరే వరకు, సుమారు రెండు గంటలు మా అత్తయ్య దగ్గర ఉంటాడు. ఆ సమయంలో ఆవిడ ఫోనులో మైన్‌క్రాఫ్ట్ వీడియోలు చూస్తాడు. ఆట గురించి నేను ముందే వాకబు చేశాను. ప్లే స్టోర్‌లో ఏడేళ్లు దాటినవారికి అని ఉంది. దిమ్మలు పేర్చి ఇళ్లు కట్టుకునే ఆటేనని ఆఫీసులో పిల్లలున్నవాళ్లు కూడా చెప్పడంతో నిశ్చింతగా ఉన్నాను.

పోయిన ఆదివారం భోజనాల దగ్గర వాడు "అమ్మా, నువ్వయితే ఎరుపు మీద పెడతావా, ఆకుపచ్చ మీద పెడతావా?" అని అడిగాడు. అదేమిట్రా అంటే, "వంద పెడితే నూట తొంభై వస్తాయట, అన్న చూపించాడు" అన్నాడు. వాడు నిద్రపోయాక ఆ వీడియో వెతికి చూశాను. రెండు నిమిషాలు కోట కట్టడం చూపించి, మూడో నిమిషంలో ఆట ఆపి, రంగుల మీద డబ్బు కాసే ఒక యాప్‌లో తాను ఎంత గెలిచాడో ఫోను తెర మీద చూపించి, ఏమీ జరగనట్టు మళ్లీ కోట గోడ దగ్గరికి వచ్చేశాడు ఆ అబ్బాయి. చెప్పే తీరు ఎంత మర్యాదగా ఉందంటే, పక్క గదిలో నుంచి విన్నవారికి అది కూడా ఆటలో భాగమే అనిపిస్తుంది.

వీడియోలు పూర్తిగా మాన్పించాలని నాకు లేదు. వాడి స్నేహితుల మాటలన్నీ వాటి చుట్టూనే తిరుగుతాయి. నేను ఆటను పరిశీలించాను సరే, అసలు పరిశీలించవలసింది దేనిని? మీ ఇళ్లలో ఎలా చేస్తున్నారో చెప్పగలరు.

ఏలూరు లెక్కల మాస్టారు

అమ్మా, మీరు చేసిన పొరపాటు చాలామంది చేసేదే, నేను కూడా చేశాను. ప్లే స్టోర్‌లో కనిపించే వయసు ఆ ఆటను కొని ఆడేవారి కోసం ఇచ్చినది. ఐరోపాలో 2003 నుంచి పెగి అనే సంస్థ, అమెరికాలో 1994 నుంచి ఈఎస్‌ఆర్‌బీ అనే సంస్థ ఆటలకు ఇలా వయసులు నిర్ణయిస్తున్నాయి. మైన్‌క్రాఫ్ట్‌కు పెగి ఇచ్చినది 7, ఈఎస్‌ఆర్‌బీ ఇచ్చినది పదేళ్లు పైబడినవారికి అనే గుర్తు. ఒకే ఆటకు రెండు చోట్ల రెండు వయసులు ఉన్నాయంటే, ఆ అంకెను ఎంతవరకు నమ్మాలో మీరే ఊహించుకోవచ్చు.

ఆ ఆటను ఒకరు ఆడుతూ, మాట్లాడుతూ, రికార్డు చేసి పెట్టిన వీడియోకు మాత్రం ఎవరూ ముందుగా చూసి ఏ వయసూ నిర్ణయించరు. మన దేశంలో 2021 ఐటీ నిబంధనల కింద వచ్చిన ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అనే వర్గీకరణ ఓటీటీల్లోని సినిమాలకు, సిరీస్‌లకు వర్తిస్తుంది కానీ ఎవరికి వారు యూట్యూబ్‌లో పెట్టుకునే వీడియోలకు వర్తించదు. కాబట్టి ఇక్కడ సెన్సారు బోర్డు మీ ఇంట్లోనే కూర్చోవాలి.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఒకటి ఉంది. జీటీఏ 5 నేరాలు, కాల్పులతో నిండిన పెద్దల ఆట, పెగి దానికి 18 ఇచ్చింది. కానీ ఆ ఆటలోని కార్లను కొండల మీద నుంచి దూకించడం, సూపర్‌హీరో బొమ్మలతో పరుగు పందేలు పెట్టడం వంటి వీడియోలు ఏడెనిమిదేళ్ల పిల్లల కోసమే తయారవుతున్నాయి. వాటిలో రక్తం ఉండదు, తిట్లు ఉండకపోవచ్చు. చిక్కంతా ఆ తర్వాత వస్తుంది. పిల్లవాడు ఆ ఆట పేరు నేర్చుకుని వెతుకుడు పెట్టెలో దానినే అడిగితే, రెండో వరుసలో వచ్చేది ఆ ఆట అసలు స్వరూపం.

తెనాలి తాతయ్య

మీరంతా పెగి అంటారు, బోర్డు అంటారు. పిల్లవాడి చేతిలోంచి ఫోను తీసుకుని బ్యాటూ బంతీ ఇస్తే సరిపోతుంది కదా. మా అబ్బాయిని అలాగే పెంచాము.

హనుమకొండ అమ్మ

తాతయ్యగారూ, మేము ఉండేది మూడో అంతస్తు, కింద ఉన్న స్థలమంతా కార్లకే చాలదు. పైగా అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, వాడి వెంట దిగలేరు. వీలున్న రోజుల్లో తప్పకుండా పంపిస్తున్నాము.

హైదరాబాద్ ఎడిటర్

నేను వీడియోలు ఎడిట్ చేసి బతుకుతున్నాను, వాటిలో కొన్ని గేమింగ్ ఛానెళ్లవి. పేర్లు చెప్పను కానీ పని ఎలా జరుగుతుందో చెబితే మీకు ఎక్కడ చూడాలో తెలుస్తుంది.

ఒక గేమింగ్ వీడియోలో ఆట నేపథ్యం మాత్రమే, అమ్ముడుపోయేది మాట్లాడే మనిషి. మూడు గంటలు ఆడినదాన్ని నేను పది, పన్నెండు నిమిషాలకు కుదిస్తాను. ఎనిమిది నిమిషాలు దాటితే మధ్యలో ప్రకటనలు వేసుకునే వీలు ఛానెల్‌కు ఉంటుంది కాబట్టి అంతకంటే చిన్న వీడియో ఎవరూ కోరరు. ఛానెల్ వారు సొంతంగా ఒప్పుకున్న ప్రచారం ఉంటే దాన్ని వీడియో చివర పెట్టరు, అక్కడిదాకా చూసేవారు తక్కువ. మొదటి మలుపు దగ్గర, అంటే పిల్లవాడు ఇక లేవడు అని తెలిసిన చోట, రెండో నిమిషానికీ నాలుగో నిమిషానికీ మధ్య పెట్టమంటారు. హనుమకొండ అమ్మగారు మూడో నిమిషం అని రాయగానే నాకు నవ్వు వచ్చింది, ఆ వెంటనే కాస్త సిగ్గు కూడా వేసింది.

కాబట్టి మొదటి నిమిషం చూసి బాగుందని వదిలేయవద్దు. వేగాన్ని ఒకటిన్నర రెట్లు పెట్టి రెండు నుంచి అయిదో నిమిషం వరకు చూడండి, ఆపై చివరి నిమిషం చూడండి. వీడియో కింద ఉన్న వివరణను తెరిచి మొదటి లింకు ఎక్కడికి తీసుకెళుతుందో గమనించండి. ఆట తయారుచేసిన వారి పేజీకో, ఛానెల్ ఇతర వీడియోలకో వెళితే సరే. టెలిగ్రామ్ గుంపుకో, ఏదైనా యాప్ నేరుగా దించుకునే పేజీకో వెళితే ఆ ఛానెల్ గురించి మీకు ఇంకేమీ తెలియనవసరం లేదు. వ్యాఖ్యల్లో అన్నిటికంటే పైన పిన్ చేసిన వ్యాఖ్యను కూడా చదవండి, వివరణలో పెట్టడానికి జంకే లింకులు అక్కడ దొరుకుతాయి.

డబ్బు తీసుకుని ప్రచారం చేస్తే వీడియో మొదట్లో ఆ సంగతి తెలిపే చిన్న చీటీ కనిపించాలి. అయితే వీడియో పెట్టేటప్పుడు ప్రచారం ఉందనే గడిని టిక్ చేయవలసింది ఛానెల్ వారే. చీటీ ఉంటే ప్రచారం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు కాదు.

"పిల్లల కోసం చేసినది" అనే గుర్తు మీద కూడా భరోసా పెట్టుకోవద్దు. ఆ గుర్తు 2020 జనవరి నుంచి తప్పనిసరి అయింది, కానీ అది పుట్టింది అమెరికాలోని పిల్లల సమాచార గోప్యత చట్టం వల్ల. ఆ గుర్తు ఉన్న వీడియోకు వ్యాఖ్యలు ఉండవు, చూసేవారి అలవాట్లను బట్టి ప్రకటనలు వేయరు. లోపల ఉన్న విషయం పిల్లలకు మంచిదని ఎవరో చూసి వేసిన ముద్ర మాత్రం కాదది. పైగా గేమింగ్ ఛానెళ్లు చాలావరకు ఆ గుర్తు వేసుకోవు, వేసుకుంటే ఆదాయం పడిపోతుంది. ఎనిమిదేళ్ల పిల్లలే ఎక్కువగా చూస్తారని తెలిసినా "అందరి కోసం" అనే ఉంచుతారు.

ఇంకొక్క మాట. ఎడిట్ చేసిన వీడియోలో కనిపించే మనిషి వేరు, ప్రత్యక్ష ప్రసారంలో కనిపించే మనిషి వేరు. నేను బీప్ వేసి దాచిన మాటలన్నీ అక్కడ వినిపిస్తాయి. ఛానెల్‌ను తూచాలంటే దాని లైవ్ విభాగంలోకి వెళ్లి, రాత్రి పది దాటాక చేసిన ఒక ప్రసారాన్ని మధ్యలో నుంచి పది నిమిషాలు వినండి.

విజయవాడ వంటిల్లు

ఎడిటర్ గారు చూడమన్నారు, నేను చూడకుండా వినమంటాను. మా పాప చూసే ఛానెల్ ఒకటి ఉంది. కళ్లతో చూసినప్పుడు నాకు ఆ రంగులూ గెంతులూ తప్ప ఏమీ తలకెక్కేది కాదు. ఒకరోజు బెండకాయలు తరుగుతూ ఫోనును గట్టు మీద బోర్లా పెట్టి, ఒక వీడియోను మొదటి నుంచి చివరి వరకు వట్టి మాటలుగా విన్నాను. గ్యాసు బిల్లు వెనకాల గీతలు పెట్టుకున్నాను. పద్దెనిమిది నిమిషాల్లో "సబ్‌స్క్రైబ్ చేయండి" తొమ్మిది సార్లు, "చచ్చిపో" పదకొండు సార్లు, తోటి ఆటగాణ్ని "వేస్ట్‌గాడు" అనడం ఆరు సార్లు, అమ్మాయి గొంతు వినిపించగానే వెకిలి నవ్వు రెండు సార్లు.

"చచ్చిపో" అన్నమాటను నేను పట్టించుకోలేదు, ఆటలో అది మామూలే. "సబ్‌స్క్రైబ్" కూడా వాళ్ల వ్యాపారం. ఆ రెండు నవ్వుల కోసమే ఛానెల్ మాన్పించాను. పాపకు పన్నెండేళ్లు. ఎందుకు వద్దంటున్నానో చెప్పి, ఆ రెండు చోట్లా తనకే వినిపించాను. కాసేపు ఊరుకుని, "నేను అది ఎప్పుడూ గమనించలేదు" అంది. నన్ను భయపెట్టింది ఆ మాటే.

డల్లాస్ నాన్న

విజయవాడ వారి పద్ధతి మా ఇంట్లో వేరే విధంగా అక్కరకు వచ్చింది. మా అబ్బాయికి పదకొండేళ్లు, ఇక్కడే పుట్టాడు. తెలుగు చదవలేడు కానీ తెలుగు గేమింగ్ వీడియోలు విని మాట్లాడటం నేర్చుకున్నాడు. మేము మురిసిపోయాము. మురిపెం ఎంతవరకు సాగిందంటే, ఒక శనివారం వీడియో కాల్‌లో గుడివాడలో ఉన్న మా నాన్నగారిని వాడు "ఏం మామా, ఏంటి సీను?" అని పలకరించేవరకు. నాన్నగారు కింద పడి నవ్వారు, మా అమ్మ మాత్రం ఒక వారం నాతో ముభావంగా ఉంది. అలాంటి యాసను నేను తప్పుగా లెక్కించను. ఎవరితో ఏ మాట వాడాలో చెబితే పిల్లలు నేర్చుకుంటారు. ఎదుటివారిని చులకన చేసే అలవాటు అంటుకుంటే వదిలించడం కష్టం, కాబట్టి ఆ రెండింటినీ ఒకే గాటన కట్టవద్దని మనవి.

మరో సంగతి. రోబ్లాక్స్ పేరు వినగానే ఒక ఆట అనుకోవద్దు. అది 2006లో మొదలైన వేదిక. అందులో ఎవరైనా తమ ఆటను తయారుచేసి పెట్టవచ్చు. రోబ్లాక్స్ వీడియో అంటే పిజ్జా కొట్టు నడిపే ఆట కావచ్చు, చీకటి ఆసుపత్రిలో దాక్కునే ఆట కావచ్చు. ఆ వీడియోలో ఏ ఆట ఆడుతున్నారో దాని పేరు తెలుసుకోకుండా సరేననవద్దు. అలాగే బొమ్మలు ముద్దుగా కనిపించినంత మాత్రాన ఆట ముద్దైనది కాదు. 2014లో వచ్చిన ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్, 2021లో వచ్చిన పాపీ ప్లేటైమ్, రెండూ భయపెట్టడానికి తయారుచేసిన ఆటలు. వాటిలోని ఎలుగుబంటి, నీలిరంగు బొచ్చుబొమ్మ మాత్రం బొమ్మల కొట్లో కూర్చున్నవాటిలాగే ఉంటాయి. ఆ నీలి బొమ్మను మొన్న వేసవిలో మన ఊరి తిరునాళ్లలో కూడా అమ్ముతుంటే చూశాను.

ఏలూరు లెక్కల మాస్టారు

రంగుల యాప్ సంగతి వదిలేయకూడదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ఆ ఆటలతో పాటు వాటి ప్రకటనలను కూడా నిషేధించింది. ప్రకటన చేసినవారికి రెండేళ్ల వరకు జైలు, యాభై లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అదే ఏడాది మార్చిలో బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేసిన పేరున్నవారి మీద హైదరాబాద్‌లో కేసులు కూడా నమోదయ్యాయి. కాబట్టి అమ్మగారు ఆ వీడియో మీద యూట్యూబ్‌లో రిపోర్టు చేసి, లింకును, తెర బొమ్మను దాచి పెట్టుకోవడం మంచిది. ఇంట్లో ఎవరి ఖాతాలోంచైనా డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి.

బీటెక్ మూడో సంవత్సరం

పెద్దల మధ్యలో మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నేను ఈ వీడియోలు చూస్తూనే పెరిగాను కనుక అటువైపు నుంచి చెబుతాను. మైన్‌క్రాఫ్ట్‌లో రెడ్‌స్టోన్ అనే ఒక ఎర్రటి పొడి ఉంటుంది. దానితో తీగల్లా గీసి, తలుపు దానంతట అదే తెరుచుకునేలా, రెండు మీటలూ నొక్కితేనే దీపం వెలిగేలా చేయవచ్చు. మొదటి సంవత్సరంలో లాజిక్ గేట్ల పాఠం మొదలైనప్పుడు నాకు అది పాత చుట్టంలా అనిపించింది, ఎందుకంటే ఏడో తరగతిలోనే ఒక వీడియోను నలభైసార్లు ఆపి ఆపి చూసి ఆ దీపాన్ని వెలిగించాను.

కాబట్టి తగనిది ఏముందో వెతికేటప్పుడు, తగినది ఏముందో కూడా వెతకమని నా విన్నపం. ఆడే వ్యక్తి ఓడిపోయినప్పుడు ఏం చేస్తాడో చూడండి. ఎందుకు ఓడాడో చెప్పి మళ్లీ మొదలుపెడితే ఆ ఛానెల్‌లో విషయం ఉన్నట్టు. ఓడిన ప్రతిసారీ అరిచి, బల్ల గుద్ది, ఆటలో డబ్బు పెట్టి కొత్త తుపాకీ కొని గెలిస్తే, పిల్లవాడు నేర్చుకునేది కూడా అదే. తుపాకులతో పోరాడే బీజీఎంఐ వంటి మొబైల్ ఆటలో పద్దెనిమిదేళ్లలోపు వారికి రోజుకు మూడు గంటల పరిమితి పెట్టారు. అదే ఆటను వేరొకరు ఆడుతుంటే చూడటానికి మాత్రం ఏ పరిమితీ లేదు. మా హాస్టల్లో ఆడేవారి కంటే చూసేవారే ఎక్కువ.

ఇంకో సంగతి, దొంగచాటుగా చూసి తీర్పు చెప్పవద్దు. "నీకు బాగా నచ్చిన వీడియో ఒకటి నాకు చూపించు" అని అడగండి. ఏది చూపిస్తాడో, ఏది దాటవేస్తాడో, రెండూ మీకు సమాధానాలే.

తెనాలి తాతయ్య

బాగా చెప్పావు నాయనా. నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను, మొత్తం కాదు.

పుణే సాఫ్ట్‌వేర్ పిన్ని

అమ్మగారి ప్రశ్నలో ఒక ముఖ్యమైన విషయం ఎవరూ తాకలేదు. బాబు చూసేది నానమ్మ ఫోనులో, నానమ్మ ఖాతాలో. అంటే యూట్యూబ్ దృష్టిలో చూస్తున్నది అరవై దాటిన మనిషి. భక్తి పాటల పక్కన తుపాకుల ఆటలు రావడం అందుకే. ముందుగా పిల్లల ఖాతాలను పెద్దలు చూసుకునేందుకు గూగుల్ ఇచ్చే ఫ్యామిలీ లింక్ యాప్‌తో బాబుకు వేరే ఖాతా తెరవండి. పర్యవేక్షణ ఖాతాలో మూడు స్థాయిలు ఉంటాయి. మొదటిది తొమ్మిదేళ్ల వయసు నుంచి, రెండోది పదమూడేళ్ల నుంచి, మూడోది పెద్దలకే పరిమితమైన వీడియోలు తప్ప దాదాపు అన్నీ. ఇంకా గట్టిగా ఉండాలనుకుంటే యూట్యూబ్ కిడ్స్ యాప్‌లో మీరు ఆమోదించిన ఛానెళ్లు మాత్రమే కనిపించేలా పెట్టవచ్చు. కానీ మన తెలుగు గేమింగ్ ఛానెళ్లు అందులో దొరకడం అరుదు, ఆ సంగతి బాబుకు రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఒక వీడియో ముగియగానే మరొకటి మొదలయ్యే ఏర్పాటును ఆపివేయండి. మీరు వడపోసిన వీడియో తర్వాత వచ్చేది మీరు వడపోయనిదే.

హనుమకొండ అమ్మ (మూడు వారాల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. ఏం చేశామో రాస్తానన్నాను కనుక రాస్తున్నాను.

వేరే ఖాతా తెరిచాము. బీటెక్ తమ్ముడు చెప్పినట్టు వాడినే చూపించమన్నాను. అయిదు ఛానెళ్లు చూపించాడు, రంగుల యాప్ ఛానెల్‌ను దాటవేశాడు. అది తప్పని వాడికి ఎక్కడో తెలుసన్నమాట. వంటింట్లో వినే పనిని అత్తయ్యకు అప్పగించాను. ఆవిడకు ఆట గురించి ఓనమాలు తెలియవు. అయినా రెండో రోజుకే ఒక ఛానెల్ గురించి "ఈ అబ్బాయి కట్టేది తక్కువ, అమ్మేది ఎక్కువ. జాతరలో గాజుల కొట్టువాడు నయం, వాడు కనీసం చెయ్యి పట్టుకుని సైజు చూస్తాడు" అన్నారు. నేను వేగం పెంచి చూసినప్పుడు ఆ వీడియోలో నాకు ఏ తప్పూ కనిపించలేదు. వివరణ తెరిస్తే మొదటి లింకు టెలిగ్రామ్‌ది.

అయిదింటిలో రెండు తీసేశాము. మూడోదాని విషయంలో వాడు నాతో గట్టిగా వాదించాడు. అందులో ఒక కీబోర్డు ప్రచారం ఉంది, కానీ అది ప్రచారమని ఆ వ్యక్తి మొదటే చెప్పాడు. "చెప్పి అమ్మితే తప్పేముంది?" అన్నాడు. నాకు సమాధానం దొరకలేదు, ఉంచాము.

మిగిలిన చిక్కు ఒకటే. ఆ ఛానెల్‌లో ఆదివారం సాయంత్రం ఏడింటికి లైవ్ వస్తుంది, చూస్తానంటున్నాడు. ముందుగా వినే వీలు లేనిదాన్ని ఎలా ఒప్పుకోను?

హైదరాబాద్ ఎడిటర్

లైవ్ ముగిశాక అదే ప్రసారం చాలా ఛానెళ్లలో వీడియోగా ఉంటుంది. సోమవారం బడి నుంచి వచ్చాక చూడనివ్వండి, ఆదివారం రాత్రే మీరో మీ అత్తయ్యగారో మధ్యలో నుంచి కాసేపు వినవచ్చు. పక్కన పరుగెత్తే చాట్ కూడా మళ్లీ కనిపిస్తుంది కాబట్టి దాన్ని మూసివేసి ఇవ్వండి, లైవ్‌లలో నోరు పారేసుకునేది ఎక్కువగా అక్కడే.

హనుమకొండ అమ్మ

సోమవారానికి ఒప్పుకున్నాడు. చాట్ మూసేస్తానంటే మాత్రం మొహం మాడ్చుకున్నాడు. అత్తయ్య ఆదివారం ఏడింటికి తన సీరియల్ ఉందనీ, ఎనిమిది దాటాకే వింటాననీ చెప్పారు.